మెహరున్నిసా ఖాలమ్మ హాఫ్‌ట్రాక్

నిన్న సాయంత్రం మా మనుమరాలు నా కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుని గోళ్లకు రంగు వేసింది. సీసా మూత తీయగానే గుప్పుమని ఒక ఘాటు వాసన కొట్టింది. ముక్కులో మంట, వెనకాలే సన్నని తీపి. పిల్ల తన పనిలో తాను ఉంది. నేను మాత్రం జహీరాబాద్‌లో, మా మేనమామ పక్కింటి గదిలో, చాప మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగా మెహరున్నిసా ఖాలమ్మ తెల్ల దుపట్టా చెవుల వెనక్కి దోపుకుని, సన్నని గొట్టంలోంచి జిగురు చుక్క తీస్తోంది. ఆ జిగురు వాసన కూడా సరిగ్గా ఇట్లాగే ఉండేది.

మాది ఝరాసంగం పక్కన చిన్న పల్లె. జహీరాబాద్‌లో అల్లం వ్యాపారం చేసే మా మేనమామ ఇంట్లో ఉండి మెట్రిక్ చదివాను. పరీక్షలు రాసి ఊరికి వెళ్లిన వారానికే, మా చేనులో గానుగకు చెరకు అందిస్తూ చెయ్యి కూడా అందించాను. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. కట్లు మార్పించుకోవడానికి దవాఖాన దగ్గరని మళ్లీ మేనమామ ఇంటికే తీసుకొచ్చారు. పుండు మానింది కానీ నేను గడప దాటడం మానేశాను. ఎవరైనా ఇంటికి వస్తే చెయ్యి కొంగు కింద దాచుకునేదాన్ని. టీచరు కావాలని నాకు ఎప్పటినుంచో కోరిక. బలపం పట్టలేని టీచరు ఎక్కడైనా ఉంటుందా అని దాని సంగతే ఎత్తడం మానుకున్నాను.

ఖాలమ్మ మాకు పక్కిల్లు. ఖాలా అంటే వాళ్లలో పిన్ని. వీధిలో తెలుగువాళ్లం దానికి అమ్మను చేర్చి పిలిచేవాళ్లం. చిరిగిన బట్టను, చిరిగిన జాడే తెలియకుండా దారాలు అల్లి కలిపే రఫూ పనితో బతికేది. భర్త రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రాలు దాటి వెళ్లి, ఇటలీలో ఏదో కొండదారిలో మందుపాతర పేలి చనిపోయాడు. అప్పటికి పదిహేడేళ్లయింది. పిల్లలు లేరు. ఒక తమ్ముడు యూసుఫ్, బొంబాయి నుంచి ఓడల మీద పనికి వెళ్లేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఖాలమ్మ మా గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, అడగకుండానే లోపలికి వచ్చింది.

"సుగుణా, నీకు ఇంగ్లీషు వస్తది గదా? జర వచ్చి ఒక కాయితం చదివి పెట్టు."

"నాకు బాగలేదు ఖాలమ్మా," అన్నాను కొంగు సర్దుకుంటూ.

"నీ నోటికేమైంది? చదివేది నోరే గదా. ఇంకొక మాట. ఆ చెయ్యి కొంగు కింద దాస్తున్నవేంది? ఎవరి సొమ్మన్న ఎత్తుకొచ్చినవా?"

మేనమామ భార్య, మా అత్తమ్మ, నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే లేచి ఆమె వెంట వెళ్లాను.

చాప మీద గుడ్డ పరిచి, దాని మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్కలు పోసి ఉన్నాయి. కొన్ని బియ్యపుగింజంత ఉన్నాయి. పక్కనే ఒక జిగురు గొట్టం, మడతలు పడ్డ ఇంగ్లీషు కాగితం. అతికిస్తే బొమ్మబండి అయ్యే ఆ ముక్కలను యూసుఫ్ ఇంగ్లండు రేవులో ఒక దుకాణం అద్దంలో చూసి కొన్నాడట. డబ్బా మీద తయారైన బండి బొమ్మ ఉండేదట కానీ, అది ఓడలో తడిసి పాడైతే పారేశాడు. ముక్కలు అక్క చేతిలో పెట్టి, తెల్లారే బొంబాయి బస్సెక్కి వెళ్లిపోయాడు.

"మీ ఖాలు నడిపిన బండి ఇదే," అంది ఖాలమ్మ. భర్త పేరు ఆమె ఎప్పుడూ పలికేది కాదు, మా వరసలో పెట్టి మీ ఖాలు అనేది. "ముంగట లారీ లెక్క రెండు చక్రాలుంటయట. ఎనక ట్యాంకు లెక్క పట్టాలుంటయట. ఆయన తోటి సిపాయి ఒకడు వచ్చి చెప్పిండు. బండిల్నే పోయిండమ్మా అని చెప్పి, ఛాయ్ కూడ తాగకుండ పోయిండు. ఆ బండి ఎట్లుంటదో నాకు ఎర్కలేదు. పదిహేడేండ్ల సంది తమ్మునికి చెప్తున్న, బొమ్మన్న దొరికితే తెమ్మని."

కాగితం మీద హాఫ్‌ట్రాక్ అని రాసి ఉంది. ఏ ముక్క ఏ ముక్కకు అతకాలో అంకెలు, గీతల బొమ్మలు. నాకు అర్థమైనంత చదివి చెప్పాను. చదవడమే నా పని అనుకున్నాను. మూడో రోజుకు ఆమె ఒక చిన్న చిమటా, సన్నని పట్టకారు, నా ముందు పెట్టింది.

"నా కండ్లకు ఈ చిన్నయి ఆనుతలేవు. నువ్వు పట్టు."

"ఏ వేళ్లతో పట్టను?" అన్నాను. గొంతు నాకే కరుకుగా వినిపించింది.

"ఉన్నవాటితోటి. లేనివాటితోటి పట్టుమంటే తప్పు నాది."

బొటనవేలికి, ఉంగరపువేలికి మధ్య చిమటా ఇరికించాను. జారింది. మళ్లీ పట్టాను. మళ్లీ జారింది. ఆమె ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. రఫూ చేస్తున్న షేర్వాణీ మీదికి వంగి తన పని తాను చేసుకుంటోంది. చీకటిపడే వేళకు ఒక్క చక్రం ఇరుసుకు ఎక్కింది. ఆ రాత్రి అన్నం నా చేత్తో నేనే కలుపుకుని తిన్నాను. మేనమామ చూసి, కూర గిన్నె నా వైపు జరిపాడు.

అట్లా ఎండాకాలమంతా మధ్యాహ్నాలు ఆ గదిలోనే గడిచాయి. అడుగుభాగం కుదిరింది. ఇరుసులు కుదిరాయి. వెనక చక్రాల మీద తొడగాల్సిన పట్టా ఒకటి మెత్తని రబ్బరులాంటిది. దాని రెండు కొసలూ కాల్చిన ఇనుముతో కరిగించి అతకాలి. నేను దబ్బనం పొయ్యిలో ఎర్రగా కాల్చి పెట్టాను. అది వేళ్ల మధ్య జారింది. అతకాల్సిన కొస కాస్తా పొగలు కక్కి ముడుచుకుపోయింది. పదిహేడేళ్లు ఎదురుచూసిన వస్తువు. నాకు ఏడుపు తన్నుకొచ్చి, లేచి వెళ్లిపోబోయాను.

"యాడికి పోతున్నవ్? కూసో," అంది ఖాలమ్మ. పట్టా చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "చినిగిందాన్ని కలపుటానికే గద నన్ను అల్లా పుట్టిచ్చింది. ఆ నల్లదారం ఇటియ్యి."

రబ్బరుకు రఫూ చేసింది! కాస్త సాగదీసి, సన్నని సూదితో, అడ్డంగా నిలువుగా పది కుట్లు. చక్రాల చుట్టూ తొడిగితే ఎక్కడ కాలిందో వెతికినా దొరకలేదు. అప్పుడు నేను నవ్వాను. వేళ్లు పోయిన తర్వాత నేను నవ్వడం అదే మొదలని ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

పక్కగోడలు నిలబడ్డాయి. తలుపులు వచ్చాయి. సీట్లు అమరాయి. ఒకరోజు ఖాలమ్మ గుడ్డ మీద మిగిలిన ముక్కలు చేత్తో కదిలించి, "పైకప్పు ఏది?" అంది.

ఎక్కడా లేదు. గుడ్డ దులిపాం. చాప ఎత్తాం. నేను చీపురు తెచ్చి మంచం కింద ఊడ్చాను. ఆమె సందుగ జరిపి, మోకాళ్ల మీద వంగి మూలలన్నీ తడిమింది. వెతుకుతున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోవడం చూశాను. ఒక ముక్క కోసం అంత కంగారేమిటో నాకు అర్థం కాలేదు.

"దొరక్కపోతే అట్టతో కప్పు చేద్దాం ఖాలమ్మా," అన్నాను.

ఆమె మంచం కోడు పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

"మీ ఖాలుకు మూసిన జాగల ఊపిరాడకపోయేది బిడ్డా. చలికాలం కూడ ఆకిట్లనే పండేటోడు. గదిల పండుకుంటే లేచి తలుపు తీసేది. అసుంటోన్ని ఇనుప డబ్బల పెట్టి మూసిన్రు. ఆ ఆఖరు గడియల ఎంత తండ్లాడిండో అని... పదిహేడేండ్లు. కండ్లు మూస్తే గదే. అందుకే చూడాలనుకున్న. ఎంత ఇరుకుగ ఉండెనో నాగ్గూడ తెల్వాలె గద."

నేను కాగితం తీసుకుని మొదటినుంచి చదివాను. ముక్కల అంకెలన్నీ మా దగ్గర ఉన్నవాటితో పోల్చి చూశాను. ఒక్కటీ తగ్గలేదు. చివరి మడతలో, ఇంతవరకు అవసరం లేదని చదవని చిన్న అక్షరాల్లో, బండి గురించి నాలుగు వాక్యాలు ఉన్నాయి. రెండు మూడు మాటలు తెలియక మేనమామ ఇంటికి పరిగెత్తి నా నిఘంటువు తెచ్చుకున్నాను.

"ఖాలమ్మా, ముక్క పోలేదు. ఈ బండికి కప్పే ఉండదు. పైన మొత్తం తెరిచే ఉంటుందని రాసిన్రు."

"మల్ల చదువు."

చదివాను.

"డ్రైవరు కూసునే కాడ కూడనా?"

"అక్కడ కూడ. వానొస్తే గుడ్డ కప్పుకునేటోళ్లట. అంతే."

ఆమె బండిని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, పైనుంచి డ్రైవరు సీటులోకి చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే మొగులు కనవడి ఉంటది," అంది మెల్లగా, కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తూ. "గాలి తగిలి ఉంటది."

అప్పుడు ఏడ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. వేసింది కుడిచెయ్యేనని ఆ తర్వాత గమనించాను.

కొంచెం తేరుకున్నాక ముఖం కడుక్కుని వచ్చి, "కనవడనిదాన్ని మనసు ఊకె పెద్దగ జేస్తది సుగుణా," అంది. "ముందే ఎవరన్న చూపిచ్చి ఉంటే ఇన్నేండ్లు ఇంత భారం మోయకపోదును."

చివరికి మిగిలింది గోరంత డ్రైవరు బొమ్మ. సీటులో కూర్చోబెట్టి జిగురు గొట్టం అందుకోబోతే ఖాలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అతికియ్యకు. దిగాలనిపిస్తే దిగనీ."

ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టనంటే ఆమె కసురుకుంది. "వాళ్లు వద్దన్నరా? నువ్వే అనుకుంటున్నవా? పోయి అడుగుదాం పా." నన్ను బస్సెక్కించి సంగారెడ్డికి తనే తీసుకెళ్లింది. అక్కడ ట్రైనింగు స్కూలు పెద్ద టీచరమ్మగారు నా చెయ్యి చూసి కాస్త తటపటాయించి, బోర్డు మీద రాయమన్నారు. సుద్దముక్కను బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య పట్టుకున్నాను. అక్షరాలు కొంచెం వాలాయి కానీ వరస తప్పలేదు. బయట వసారాలో ఖాలమ్మ, తన కూతురికే సీటు వచ్చినట్టు, అక్కడున్నవాళ్లందరికీ బటానీలు పంచింది.

నాకు చిరాగ్‌పల్లి వైపు ఒక బడిలో మొదటి ఉద్యోగం వచ్చేనాటికి ఆమె ఉంది. ఆ తర్వాత మూడు చలికాలాలు చూసి, నిద్రలోనే వెళ్లిపోయింది. బండిని యూసుఫ్ బొంబాయికి తీసుకుపోయాడు. అది అతనికి చెందడమే న్యాయం.

బడిలో మొదటిరోజు పిల్లలు నా చెయ్యి వంక చూసి ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటున్నారు. పాఠం ఎవరికీ ఎక్కడం లేదు. నేను పుస్తకం మూసి, చెయ్యి బల్ల మీద పెట్టి, "అందరూ దగ్గరికి వచ్చి చూడండి," అన్నాను. మెల్లమెల్లగా వచ్చారు. ముందు వరసలోని ఒక పాప వేలుతో ముట్టుకుని, "నొస్తదా టీచరమ్మా?" అని అడిగింది. "ఇప్పుడు నొయ్యదు," అన్నాను. "అయితే మంచిగైంది," అని వెళ్లి తన చోట కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. ఏ ఊరి బడికి మారినా మొదటి గంట అట్లాగే మొదలుపెట్టాను. ఇంట్లో జబ్బులొచ్చినా, కష్టాలొచ్చినా, దగ్గరికి వెళ్లి కళ్లతో చూడందే భయపడకూడదన్న పట్టుదల ఒకటి నాలో నిలిచిపోయింది. నాకు ధైర్యం ఎక్కువని మావాళ్లు అంటారు. అది ఒక పిన్ని దగ్గర నేర్చుకున్న పని.