ఖాలా వంటింటి గోడ

డెబ్భైల చివర్లో నేను ఎమ్.ఈ. చదివేటప్పుడు మేం శాలిబండలో ఒక పాత ఇంటి మేడ మీద పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. నాన్నది ప్రభుత్వోద్యోగం, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాం. కింద ఇంటావిడ ఉండేది. భర్త పోయాక గాజుల దుకాణం కొడుకు చూసుకునేవాడు. నేను ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని, మనం పిన్ని అన్నట్టు.

భూకంపాలకు తట్టుకునే కట్టడాల గురించి చదువుతున్నానంటే ఖాలాకు నవ్వొచ్చేది. ఈ ఊళ్ళో భూకంపాలెక్కడివి అనేది. నిజానికి నాకూ అది లెక్కల చదువే. భవనం కాగితం మీద ఊగేది, ఎంత ఊగిందో నేను లెక్కగట్టేదాన్ని.

ఒకరోజు మా లెక్చరర్ పాత రాతి గోడల గురించి చెప్పారు. చూడ్డానికి ఒకటే గోడ, కానీ లోపల రెండు పొరలుంటాయి, వాటి మధ్య మట్టీ రాళ్ళముక్కలూ. రెంటినీ కలిపి పట్టే పొడవాటి రాళ్ళు లేకపోతే నేల కదిలినప్పుడు పొరలు విడిపోతాయి. అంతకుముందే గోడ పొట్ట ఉబ్బుతుంది. ఎవరింటి గోడలు వాళ్ళు చూసి రమ్మన్నారు.

మేడ మీదవి ఇటుక గోడలు. అందుకని కిందికి దిగాను. ఖాలా వంటింట్లో, పొయ్యి వెనక గోడ మీద, దారానికి తాళంకప్ప కట్టి పైనుంచి వేలాడదీశాను. దారం మధ్యలో గోడకు ఒరుసుకుంది, కింద బెత్తెడు దూరంగా వేలాడింది. చేత్తో తడితే డొల్ల చప్పుడు. మేస్త్రీ వచ్చి చూసేదాకా ఇక్కడ వండొద్దని చెప్పాను.

"ఏంది బేటీ, నా పెండ్లి అయినప్పటి సంది గీ గోడ గిట్లనే ఉన్నది," అంది.

నేను మళ్ళీ మళ్ళీ అడిగితే, నా మాట తీసెయ్యలేక, విసుక్కుంటూనే కిరసనాయిలు స్టవ్వు వరండాలోకి మార్చింది. అంత పట్టుబట్టానే గానీ ఆ గోడ పడుతుందని నేను నమ్మలేదు. పుస్తకంలో ఉన్న మాట చెప్పానంతే.

ముసురు పట్టి వదిలి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం మేమిద్దరం వరండాలో కూర్చుని ఆకు ఒలుస్తున్నాం. నేను గోంగూర అంటుంటే ఆమె అంబాడా అంటోంది. ఇంతలో లోపల బియ్యం బస్తా కుమ్మరించినట్టు చప్పుడైంది. వంటింటి గుమ్మంలోంచి దుమ్ము బయటికి పొంగింది.

దుమ్ము తగ్గాక చూస్తే, గోడ లోపలి పొర మొత్తం కూలి, ఖాలా రోజూ పీట వేసుకుని కూర్చునే చోట నడుమెత్తు గుట్టగా పడి ఉంది. బయటి పొర మాత్రం అలాగే నిలబడింది. సందులోంచి చూసేవాళ్ళకు ఆ ఇంట్లో ఏమీ జరగనట్టే.

"భూకంపం వచ్చిందా బేటీ?" ఖాలా మెల్లగా అడిగింది.

"లేదు ఖాలా. నేల కదల్లేదు."

"మరి?"

జవాబు నాకు తెలుసు. పరీక్షలో అయితే రెండు పేజీలు రాసేదాన్ని. అక్కడ మాత్రం ఖాలాను చెయ్యి పట్టి గుమ్మానికి దూరంగా జరిపాను.

సాయంత్రానికి సందంతా పోగైంది. ఈ పిల్ల చెప్పింది, గోడ పడ్డది అని చెప్పుకున్నారు. మా ఇల్లు చూడమంటే మా ఇల్లు చూడమన్నారు. నేను మేడెక్కి తలుపేసుకున్నాను.

మర్నాడు లెక్చరర్‌కు చెప్తే, రాస్తున్న కలానికి మూత పెట్టి నా వెంట వచ్చారు. గుట్టలో చెయ్యి పెట్టి తడిమట్టి తీశారు. వాన నీళ్ళు తాగి మట్టి ఉబ్బి పొరను తోసిందన్నారు. పొడవాటి రాయి ఒక్కటీ దొరకలేదు. ఇన్నేళ్ళుగా పాఠం చెప్తున్నారు గానీ, అలా పడిన గోడను అంత దగ్గరగా చూడటం ఆయనకూ అదే మొదటిసారట.

ఖాలా కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నాకేమీ అర్థం కాలేదు. చివరికి ఒక పొద్దున మెట్ల కింద నిలబడి పిలిచింది.

"నువ్వు చెప్పకపోతె నేను ఆడనే కూసుంటుంటి. గది నాకు ఎర్కే. కానీ నువ్వు తట్టినంకనే వడ్డది గద బేటీ. ఏది నమ్మాల్నో నాకు సమజ్ కాలే."

చేత్తో తడితే గోడలు పడవని చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. లోపల మేస్త్రీ గోడ మళ్ళీ కడుతున్నాడు. ప్రతి పొడవాటి రాయినీ నాకు చూపించాకే పెట్టమంది. ఒక్కొక్కటీ రెండు పొరలకూ అందుతుందో లేదో చూసి తలూపాను.

ప్రాజెక్టుకు నా తోటివాళ్ళు ఆనకట్టలూ ఎత్తైన మేడలూ తీసుకున్నారు. నేను రాతి గోడలు తీసుకున్నాను. చాలా నెలలపాటు కూరగాయలకని మాదన్నపేట వెళ్తూ కూడా గోడలే చూసేదాన్ని. వాటిని ఆనుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు కనిపిస్తే కాళ్ళు ఆగిపోయేవి.