రావికమతం పుట్టగొడుగులతో విశాఖ దాకా

రావికమతం నుంచి విశాఖపట్నం దాదాపు అరవై కిలోమీటర్లు. సొంత బండి ఉన్నవాళ్ళకి అదొక ప్రయాణమే కాదు. మొన్న శీతాకాలం చివర్లో నేను ఆ దారిన వెళ్ళింది మా వదిన నూకరత్నం కోసం. ఆవిడ పెరట్లో పాక వేసి, వరిగడ్డి మీద పుట్టగొడుగులు పెంచుతోంది. విశాఖలో ఒక హోటల్ వాళ్ళు నమూనా చూసి, పొద్దున్న పదకొండు లోపు తాజాగా అందిస్తే రోజూ తీసుకుంటామన్నారు. అది కుదిరితే రెండో పాక వేసి, ఊళ్ళో ఇద్దరు ఆడవాళ్ళని పనిలో పెట్టుకోవాలని ఆవిడ ఆలోచన. వెదుళ్ళు కూడా తెప్పించి పెట్టుకుంది. అన్నయ్య తెల్లవారకముందే బైకు మీద డ్యూటీకి వెళ్ళిపోతాడు. వ్యాన్ మాట్లాడుకుంటే సరుకు మీద వచ్చేదంతా దానికే సరిపోతుంది. అందుకని బస్సుల్లో కుదురుతుందో లేదో చూద్దామని ఇద్దరం బయల్దేరాం.

ఏడు దాటేసరికి రెండు ప్లాస్టిక్ ట్రేలు, మీద పల్చటి గుడ్డ కప్పుకుని చోడవరం వెళ్ళే షేర్ ఆటోలో కూర్చున్నాం. ఆటో కదలలేదు. డ్రైవరు పక్కనే టీ తాగుతున్నాడు.

"ఒరే బాబూ, ఎండెక్కితే ఇయి పాడైపోతాయిరా. కొంచెం బేగి తియ్యి" అంది వదిన.

"ఇంకో నలుగురు రావాలమ్మా. సగం బండితో ఎల్తే డీజిల్ కర్సులు కూడా రావు. నానేటి సెయ్యను సెప్పు?"

అతన్ని తప్పుపట్టడానికి లేదు. నలుగురూ వచ్చేసరికి అరగంట పైనే పట్టింది. చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సు గేటు దగ్గర మేం దిగుతుంటే సబ్బవరం మీదుగా విశాఖ వెళ్ళే బస్సు మా కళ్ళముందే మలుపు తిరిగింది. ట్రే పట్టుకుని పరిగెత్తలేం. చెయ్యి ఊపాను, అరిచాను. ఆగలేదు.

తర్వాతి బస్సు ఎప్పుడని అడిగితే, కిళ్ళీకొట్టు ఆయన "గంట పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు" అన్నాడు. "అనకాపల్లి బస్సు రెడీగా ఉంది. అక్కడ రైలందితే పదిన్నరకల్లా వైజాగులో ఉంతారు." వదిన నా మొహం చూసింది. నేను గడియారం చూశాను. ఎక్కేశాం. పల్లెవెలుగు కాబట్టి ఆధార్ చూపిస్తే వదినకి టికెట్ ఉచితం, నాకు ముప్పై రూపాయల పైచిలుకు.

ఊరు దాటిన కాసేపటికే బస్సు ఆగిపోయింది. ముందు చెరకు ట్రాక్టరు ఒకటి టైరు పేలి రోడ్డు మధ్యలో ఒరిగిపోయింది. దాని వెనక ఇంకో మూడు ట్రాక్టర్లు, లారీలు, స్కూలు బస్సు. ఎండ కిటికీలోంచి సూటిగా వదిన ఒళ్ళోకి పడుతోంది. తన కొంగు విప్పి ట్రేకి నీడ పట్టింది. రెండు నిమిషాలకోసారి గుడ్డ ఎత్తి చూస్తోంది.

"మరి తియ్యకు వదినా, వేడి లోపలికి పోతుంది" అన్నాను.

"సూడకపోతే మనసు ఆగట్లేదు బాబూ."

మా ముందు సీట్లో ఫార్మా కంపెనీలో పనిచేసే కుర్రాడు ఫోనులో సూపర్‌వైజరుని బతిమాలుతున్నాడు. "దార్లోనే ఉన్నాను సార్... నిజెంగానే సార్..." ఫోను పెట్టేసి, "ఈ నెల్లో ఇది మూడోసారి. పర్మినెంట్ సేస్తారన్న ఆశ పోనాది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. ఆ మాట విన్నాక వదిన గుడ్డ ఎత్తడం మానేసి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

అనకాపల్లిలో బస్టాండు ఒకచోట, రైల్వేస్టేషన్ ఇంకోచోట. దిగి ఆటో మాట్లాడుకుని స్టేషన్‌కి వెళ్ళేసరికి రైలు ప్లాట్‌ఫాం వదులుతోంది. బస్సు వచ్చే వేళకీ రైలు కదిలే వేళకీ పొంతన ఉండాలని ఎవరూ అనుకున్నట్టు లేదు. మళ్ళీ ఆటో ఎక్కి వెనక్కి వచ్చి విశాఖ బస్సు పట్టాం. కూర్చునే చోటు లేదు. ఒక ట్రే నేను, ఒక ట్రే వదిన ఎత్తిపట్టుకుని, బ్రేకు పడినప్పుడల్లా జనం మీద పడకుండా కాచుకుంటూ నిలబడ్డాం. గాజువాక ట్రాఫిక్‌లోనే పదకొండు దాటిపోయింది. అప్పటికి పుట్టగొడుగులు నీరు వదిలి, నా ట్రే గుడ్డ చేతికి తడిగా తగిలింది. వదినకి చెప్పలేదు.

హోటల్ వంటగదికి చేరేసరికి పన్నెండున్నర. పెద్ద వంటమనిషి మంచివాడే. ట్రే తీసి ఒక్కొక్కటీ విడదీసి చూశాడు. సగానికి పైగా అంచులు పసుపెక్కి మెత్తబడ్డాయి. మూలనున్న ఒక అట్టపెట్టె చూపించాడు. "ఇవి బెంగళూరు నుంచి నిన్న మధ్యాహ్నం బస్సులో బయల్దేరి వచ్చాయమ్మా. ఏడింటికి నా దగ్గరున్నాయి. మీవి రుచిలో బాగున్నాయి, బాగున్నవరకు తీసుకుంటాను. రేపటి నుంచి పదకొండు లోపు తేగలరా?"

నేనేదో సర్దిచెప్పబోతే వదిన చేత్తో ఆపింది.

"తేలేనండి" అంది. "తెస్తానని సెప్పి మీ వంట ఆపేస్తే బాగోదు కదండీ."

తిరుగు ప్రయాణంలో సబ్బవరం బస్సు దొరికింది. చోడవరం దాకా సుఖంగా కూర్చుని వచ్చాం. వదిన ఏడవలేదు. ట్రేల మీది గుడ్డ మడతపెడుతూ "పనికి రమ్మని సెప్పినోళ్ళకి రేపేటి సెప్పాలో" అంది.

ఆ పూట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. దేశం ఎదగడమంటే పెద్ద రోడ్లు, పెద్ద ఫ్యాక్టరీలు అనే అనుకునేవాణ్ణి. రోడ్డు ఉంది, బస్సు ఉంది, రైలూ ఉంది. ఒకదాని చెయ్యి ఇంకొకటి అందుకోదు, అంతే. ఆ సందుల్లో పడి రావికమతంలో రెండు ఉద్యోగాలు పుట్టకుండానే పోయాయి. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఏ లెక్కలోకీ రారు. వదిన ఇప్పుడు కొన్ని పుట్టగొడుగులు ఎండబెట్టి చోడవరం సంతలో అమ్ముతోంది. వెదుళ్ళు పక్కింటివాళ్ళ పందిరికి ఇచ్చేసింది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: చోడవరం నుంచి విశాఖకి నేరుగా వెళ్ళే బస్సు కోసం గంటైనా ఆగండి, మధ్యలో మారవద్దు. వేళకి అందించాల్సిన సరుకేదైనా ఉంటే, ఎవరికైనా మాటిచ్చే ముందు ఒకసారి ఖాళీ చేతులతో అదే వేళకి వెళ్ళి చూడండి.