పైకెత్తిన బొటనవేలు

రవిశంకర్‌కి వద్దనడం రాదు. అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, కడుపు నిండాక ప్లేట్లో పడ్డ గారెని కూడా తినేసి, "చాలా బావుందండీ" అంటాడు. ఆ ఇల్లాలు ఇంకోటి వేస్తుంది. తెల్లారకుండా ఎయిర్‌పోర్ట్‌లో ఎవర్ని దింపాలన్నా ఫోన్ ఇతనికే వస్తుంది. ఆఫీసులో పక్కవాడి పని కూడా ఇతనే చేస్తాడు. అందరూ మంచివాడంటారు. నన్నడిగితే సగం మంచితనం, మిగతా సగం మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది, ఇక్కడ రాయను.

ఇలాంటి మనిషి యాభై దాటాక లోతు సముద్రంలో డైవింగ్ నేర్చుకుంటానన్నాడు. మామూలు లోతుకి ఎప్పట్నుంచో దిగుతున్నాడు. కింద ఎవరూ ఏమీ అడగరని అతనికి ఇష్టం. నార్త్ కరోలినా తీరంలో మునిగిన ఓడలు చాలా ఉన్నాయి. బాగా లోతున ఉన్నవాటిని చూడాలంటే మామూలు గాలి పనికిరాదు, అంత కింద అది తాగినట్టు మత్తెక్కిస్తుంది. అందుకని సిలిండర్లో హీలియం కలుపుతారు, పుట్టినరోజు బెలూన్లలో నింపేదే. తల తేటగా ఉంటుంది. కానీ ఏం జరిగినా ఒక్కసారిగా పైకి రాకూడదు, ప్రాణం మీదికొస్తుంది; మధ్యమధ్య ఆగుతూ రావాలి.

శిక్షణ ఇచ్చే కెరోల్ మొదటిరోజే ఒక నియమం చెప్పింది. ఎవరు బొటనవేలు పైకెత్తినా డైవ్ అయిపోయినట్టే. అందరూ వెనక్కి తిరగాలి. ఎందుకని అడగకూడదు, పైకొచ్చాక కూడా.

ఇంట్లో ఆ మాట చెప్తే అతని భార్య శశికళ నమ్మలేనట్టు చూసింది.

"ఏవండీ, గారె వద్దనలేని మీరు అంత నీళ్ళలో వద్దంటారా?" అంది.

రవిశంకర్ నవ్వేశాడు.

ఆవిడ మాటే నిజమైంది. నీళ్ళు నిండిన పాత రాతి క్వారీలో శిక్షణ. తోడుగా దిగే స్నేహితుడు దామోదర్ సెలవు పెట్టి, టెక్సస్‌లోని కాపెల్ నుంచి ఫ్లైట్‌లో వచ్చాడు. దిగుతుండగానే రవిశంకర్ నోట్లోని గొట్టంలోంచి ప్రతి శ్వాసకీ కాసిన్ని నీళ్ళు రావడం మొదలైంది. వేలెత్తితే పాపం దామోదర్ అంత దూరం నుంచి రావడం దండగవుతుందని, ఆ నీళ్ళు మింగుతూనే దిగాడు. అడుగున పొలమారింది. కెరోల్ తన దగ్గరున్న రెండో గొట్టం అతని నోటికి అందించి, గట్టిగా పట్టుకుని మెల్లగా పైకి తెచ్చింది. వేలెందుకెత్తలేదంటే ఉన్నమాట చెప్పాడు.

"దామోదర్ నీ అంత్యక్రియలు కూడా చూసుకుని వెళ్ళేవాడు, టికెట్ దండగయ్యేది కాదు" అంది కెరోల్.

ఫెయిల్ చేసి, సముద్రంలో ఇంకొక్క అవకాశం ఇచ్చింది. ఇదీ తప్పితే ఇక తన దగ్గరకి రావద్దంది.

దామోదర్ మళ్ళీ వచ్చాడు. మోర్‌హెడ్ సిటీ నుంచి పడవలో వెళ్ళారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. దిగగా దిగగా ఓడ ముందుభాగం కనిపించింది. రవిశంకర్ ఏళ్ళ తరబడి చూడాలనుకున్నది అదే. గొట్టం బాగుంది, తల తేటగా ఉంది. అయినా ఎందుకో మనసొప్పలేదు. చెప్పడానికి ఒక్క కారణం లేదు. దామోదర్ సెలవు గుర్తొచ్చింది, చివరి అవకాశమన్న కెరోల్ మాట గుర్తొచ్చింది. అయినా జీవితంలో మొదటిసారి, ఏ సాకూ లేకుండా, వేలెత్తాడు.

ముగ్గురూ వెనక్కి తిరిగి, ఆగుతూ ఆగుతూ పైకొచ్చారు. పడవలో ఎవరూ ఏమీ అడగలేదు. అలా అడక్కపోవడం రవిశంకర్‌కి మరీ ఇబ్బందిగా ఉంది. ఉండబట్టలేక దామోదర్‌కి సారీ చెప్పాడు.

దామోదర్ ముఖం పాలిపోయి ఉంది. "సారీ ఎందుకన్నా. దిగినకాడ్నుంచి నాకు దమ్ము ఆడతలేదు. బ్రీతింగ్ అసలు కంట్రోల్ కాలే. ఇంకింత దిగితే ఏమైతుండెనో."

"మరి వేలెత్తలేదేం?"

"నీకిది లాస్ట్ ఛాన్స్ గదా. నా వల్ల ఖరాబైతదేమోనని ఊకున్న."

 క్వారీలో తన ప్రాణం పోబోయినప్పుడు కూడా రవిశంకర్‌కి ఇంత భయం వెయ్యలేదు.

"ఇంకెప్పుడూ నా కోసం ఊరుకోకు" అన్నాడు.

"సరే అన్నా."

ఆ సరే మరీ తొందరగా వచ్చింది. అలాంటి సరేలు రవిశంకర్ జీవితమంతా అన్నాడు.

"నిజంగానే అంటున్నావా, నా మొహం చూసి అంటున్నావా?"

"నీ మొకం చూసే గదన్నా" అని దామోదర్ నవ్వేశాడు.