ఎడమ వెనక స్పీకరు

ఒక ఆడియో కంపెనీ సర్వీసు ఇంజనీరుగా నన్ను అనంతపురానికి వేసిన మూడో ఏడు, శెనక్కాయ పీకుళ్లు అయిపోయిన రోజుల్లో, బెళుగుప్ప పక్క పల్లె నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు కాదు, పంతం అనాలి. సిద్ధారెడ్డన్న ఇంట్లో హోం థియేటర్ ఉంది. డిస్కు ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకు ఆరు అనలాగ్ వైర్లు పెట్టుకున్నాడు. అయిదు స్పీకర్లకు అయిదు, బేసు పెట్టెకు ఒకటి. బామ్మర్ది వెంకటరెడ్డి వచ్చి, ఇదంతా పాత చింతకాయ పచ్చడి, ఒక్క డిజిటల్ కేబుల్ చాలన్నాడు. ఏది మేలో కంపెనీ మనిషే తేల్చాలన్నారు.

ఆ పల్లెలో పొలం గట్టు తగాదాలన్నీ సిద్ధారెడ్డన్నే తీర్చేవాడు. ఫిర్యాదు చేసినవాడు ఆయన కుడిపక్క, ఎదుటివాడు ఎడమపక్క నిలబడి చెప్పుకోవడం అక్కడి ఆచారం. ఆయన మాట దాటి ఎవరూ స్టేషను మెట్లెక్కేవాళ్లు కాదు. నేను పోయిన పొద్దు కూడా పంచాయితీకి వచ్చినట్టే హాలు నిండా జనం.

అనలాగ్‌లో శబ్దాన్ని అయిదు దిక్కులకు విడగొట్టే పని ప్లేయరు చేస్తుంది, డిజిటల్‌లో ఆంప్లిఫయరు చేస్తుంది. పోల్చే ముందు రెండింటి మోత సమానం చేయాలి. లేకుంటే కొంచెం గట్టిగా మోగిందే చెవికి మేలనిపిస్తుంది. మీటరు పెట్టి సమానం చేసినా. తర్వాత పరీక్ష డిస్కు వేస్తే, రేకుల మీద వాన పడినట్టు ఒక శబ్దం ఒక్కో స్పీకరు నుంచి వస్తుంది. వినేవాడు కళ్లు మూసుకుని అది ఏ పక్క నుంచో చెయ్యి చూపాలి.

ముందు డిజిటల్ కేబుల్ తగిలించి, ఎడమ వెనక స్పీకరు మోగించినా. రెడ్డన్న చెయ్యి కుడివైపు పోయింది. జనం నవ్వినారు. చూసినావా, నీ ఒంటి కేబుల్ దిక్కులే మార్చేస్తాందని ఆయన బామ్మర్దిని ఎగతాళి చేసినాడు. ఆరు వైర్లకు మార్చి అదే స్పీకరు మోగించినా. చెయ్యి మళ్లీ కుడివైపే పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన కళ్లు తెరిచి మా మొహాలు చూసినాడు. వంటింటి గడపలో ఆయన భార్య తల దించుకుంది. ఆమెకు ముందే తెలుసు. ప్లగ్గులు నేనే తప్పు తగిలించినానని ఒక్క మాట అంటే ఆయన పరువు నిలిచేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో ఆయనే అన్నాడు.

"వైర్లది ఏం లేదప్పా. ఈ ఎడమ చెవి పోయి నాలుగేండ్లాయ."

గోడకానుకుని ఓబులేసు అనే రైతు కూర్చోనున్నాడు. పోయిన ఏడు గట్టు తగాదాలో ఓడి నేల పోగొట్టుకున్నవాడు. నిదానంగా లేచినాడు.

"అన్నా, ఆ పొద్దు నేను నీ ఎడమపక్కనే కదా నిలబడింది. నేను చెప్పింది నీకు ఇనపడిందా?"

రెడ్డన్న సగం ఇనపడిందన్నాడు. మళ్లీ చెప్పమని అడిగేదానికి నామోషీ అయిందన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అంత పెద్దమనిషి నలుగురిలో అట్లా కుంచించుకుపోతుంటే చూసినందుకే సిగ్గేసింది. చుట్టిన వైర్లే మళ్లీ చుట్టుకుంటూ కూర్చున్నా. వెంకటరెడ్డి పంతం ఊసే ఎత్తలేదు.

రెండు కనెక్షన్లకూ తేడా కనపడలేదని రిపోర్టు రాసినా. అది నిజమే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆ పరీక్ష ఎక్కడ చేసినా, ముందు జనాన్ని బయటికి పంపి తలుపేసేవాణ్ణి. వైరులో తప్పు వెతికే ముందు వినేవాడి చెవి చూడాలి, అదీ ఒంటరిగా చూడాలి. కొత్తగా చేరినవాళ్లకు ఇదే నేర్పించినా.

అయితే ఓబులేసు గట్టు పంచాయితీ మళ్లీ జరిగి, ఆయన నేల ఆయనకు వచ్చింది. నేను ఆ పొద్దు తలుపేసి ఉంటే వచ్చేది కాదు.