అద్దాల మధ్య గాలిమర

గ్వాంగ్‌జౌలో నదికి దక్షిణాన, మా సందు మొదట్లో క్వోంగ్ బింగ్ మంగలి కుర్చీ ఉంది. అతని కత్తి గడ్డం గీస్తుంటే నోరు కోతలు కోస్తుండేది. అల్లంత దూరంలో కనిపించే టవర్ నడుము అలా సన్నగా మెలితిప్పమని ఇంజినీర్లకు చెప్పింది తనేనట. ఒక తుఫానులో తన దువ్వెన ఎగిరి దాని కొనకు చిక్కుకుందట, విమానాలు దాన్ని చూసుకునే పక్కకు తప్పుకుంటాయట. బింగ్ కోతలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చితే ఆ టవర్ వాటి కాళ్ళకింద పీటలా ఉంటుంది.

వాటిలో ఒక్కదాన్నీ నమ్మనిది అతని భార్య సౌహింగ్. "సగం తగ్గించు" అనేది. తగ్గించేవాడు. "ఇంకో సగం" అనేది.

చైనా పంచాంగంలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పండగ, ఆ రోజున ఎత్తైన చోటు ఎక్కాలని ఆచారం. ఏటా ఇద్దరూ కొండెక్కి, కాగితపు గాలిమర కొని, పైన గాలికి పట్టేవాళ్ళు. అది తిరిగితే దశ తిరిగినట్టే. ఈ ఏడు సౌహింగ్ ఆసుపత్రి మంచం మీద ఉంది. మర్నాడే గుండె ఆపరేషన్. బింగ్‌కేమో మోకాలు వంగడం లేదు.

"ఆ కాలేసుకుని కొండెక్కావంటే పక్క మంచం నీదే" అందామె. "నీ టవర్ ఉందిగా, లిఫ్టే మోసుకెళ్తుంది. గాలిమర తిరగడం ఫోన్లో చూపించు. అది చూస్తేనే రేపు నాకు ధైర్యం."

"తిరగడమేంటే! ఆ ఊపుకి నది అవతలి ఒడ్డెక్కి కూర్చుంటుంది!"

"సగం తగ్గించు, ముసలోడా."

టవర్ మీద జనం కిక్కిరిసి ఉన్నారు. బింగ్ గాలిమర పైకెత్తాడు. రేకు కదల్లేదు. చుట్టూ అద్దాలే. కొండమీద గాలిని వెతుక్కోవలసిన పని ఎప్పుడూ పడలేదు మరి. అందుకే ఆ సంగతి అతనికి తట్టనేలేదు.

"అమ్మాయీ, ఇక్కడ గాలెక్కడ దొరుకుతుంది?" అని యూనిఫాం వేసుకున్న పిల్లనడిగాడు.

"పైన, బయటి అంతస్తులో పెద్దనాన్నా. ఇవాళ మూసేశారు."

"ఎందుకూ?"

"గాలి మరీ ఎక్కువగా ఉందని."

"ఇంత పెద్ద కోత నేను కూడా కోయలేదమ్మా" అన్నాడు. ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

గాలిమర ముందుకు చాచి, అద్దాల వెంబడి గబగబా నడిచి చూశాడు. కుంటికాలు ఊపందుకోనివ్వలేదు. రేకులు కొంచెం కదిలి, మళ్ళీ బిగుసుకున్నాయి. ఇంతలో ఫోను మోగింది.

తెరమీద సౌహింగ్ మొహం పాలిపోయి ఉంది. బింగ్ గాలిమర మాత్రమే కనబడేలా ఫోను పట్టుకుని, పక్కనుంచి బుగ్గలు పూరించి ఊదాడు. ఎర్ర రేకులు గిర్రున తిరిగాయి. ఊదాడు, ఆయాసపడ్డాడు, మళ్ళీ ఊదాడు.

"ఏంటా చప్పుడు?"

"గాలే! నన్నే ఎత్తుకుపోయేలా ఉంది. రెయిలింగు పట్టుకుని వేలాడుతున్నా!"

అనేసి, "సగం తగ్గించు" అనే మాట కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"అవునా" అంది సౌహింగ్, చిన్నపిల్లలా. "గట్టిగా పట్టుకో. పడిపోతావు."

ఫోను పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆమె అతని మాట నమ్మడం అదే మొదలు. గాలిమర ఎప్పుడో నిలిచిపోయింది. బింగ్ మళ్ళీ బుగ్గలు పూరించి ఊదాడు.