భావం అతనిది, భాష నాది

నా ఇంగ్లీషు బాగుండడం వల్ల పోయిన వర్షాకాలంలో ఒక మనిషి ఉద్యోగం పోయింది. నవ్వొస్తోందా? నవ్వండి. టీ చల్లారేలోపు మొత్తం చెబుతాను, ఆ తర్వాత కూడా నవ్వగలిగితే సంతోషం.

ముందుగా ఒక మనవి. ఇందులో లైబ్రరీకి సంబంధించిన నిర్వాకమంతా నేను స్వహస్తాలతో చేసినది. ఫ్యాక్టరీ గేటు దగ్గర జరిగినది నేను చూడలేదు. అక్కడ కిందపడిన వాచ్‌మన్ ఖాసిం సాబ్ ఆస్పత్రి మంచం మీద పడుకుని చెప్పాడు. విచారణ గదిలోంచి నేను బయటికి వచ్చేశాక ఏమైందో, లోపల టైపు కొడుతూ కూర్చున్న సీతాపతిగారు మూడు రోజులు ఆగి, తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పారు. ఆయన అతిశయోక్తి ఎరుగని మనిషి. అతిశయోక్తి నా శాఖ.

లింగంపల్లి దాటాక రాళ్ల గుట్టల నడుమ ఉన్న మా ఫ్యాక్టరీ టౌన్‌షిప్ మీరెరిగినదే. అక్కడి గ్రంథాలయానికి నేను గౌరవ కార్యదర్శిని. మాకొక నియమం ఉంది. ప్రతి పుస్తకం చివరి అట్టకు ఒక తెల్లకాగితం అంటిస్తాం. చదివినవారు నాలుగు మాటలు అభిప్రాయం రాసి సంతకం చేయాలి, లేకపోతే మరో పుస్తకం ఇవ్వం. ఏడాదికొకసారి కార్యవర్గం ఆ కాగితాలు తిరగేస్తుంది. అయిదు అభిప్రాయాలైనా రాని పుస్తకం చిత్తుకాగితాల్లోకి పోతుంది.

తెలుగు నవలలకు కాగితం మీద కాగితం అంటించాల్సి వచ్చేది. నా ఇంగ్లీషు బీరువాను మాత్రం చెదలు తప్ప ఎవరూ తెరిచేవారు కారు. మిషనరీ స్కూల్లో చదువుకున్నవాడిని, ఆ బీరువా తూకానికి పోతుంటే ఎలా చూస్తూ ఊరుకుంటాను? అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. శనివారాలు భోజన విరామంలో క్యాంటీన్ వరండాలో కూర్చుని ఇంగ్లీషు కథలు తెలుగులో చెప్పేవాడిని. విన్నవాళ్లు అభిప్రాయం నోటితో చెబితే నేను ఇంగ్లీషులో రాసేవాడిని, వాళ్లు కింద సంతకం చేసేవారు. వినడం కూడా చదవడమేనని నాకు నేనే ఒక తీర్మానం ఆమోదించుకున్నాను.

ఆ పుస్తకం అలా వచ్చింది. యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వెళ్లిపోతూ వదిలేసిన పెట్టెలో దొరికింది. అమెరికాలో మోటారు సైకిళ్ల మీద దండుగా తిరుగుతూ, పోలీసులను లెక్కచేయక, సారా దుకాణాల్లో కుర్చీలు విరగ్గొట్టే మనుషుల కథలు. అట్ట మీద గడ్డంవాడొకడు, చేతిలో గొలుసు. నేను మూడు శనివారాలు చెప్పాను. వరండా నిండిపోయింది!

అభిప్రాయాలు అడిగాను. అకౌంట్స్‌లో పనిచేసే గుడివాడ సుబ్బారావుగారు తలపంకించి, "కథలు బాగానే ఉన్నాయండి. కానీ ఇంతమందిలో ఒక్కడికీ సంబంధం కుదరలేదేవిటండీ?" అన్నారు.

క్యాంటీన్ వంటాయన అందుకున్నాడు. "గంత దూరం తిరిగిండ్రు, ఒక్కపూటన్న బువ్వ తిన్నట్టు రాయలే."

ఫిట్టర్ యాదగిరి వంతు వచ్చింది. పుప్పాలగూడ మనిషి. రోజూ అంత దూరం సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. ఆరేళ్లుగా టెంపరరీ. పై నెలలో పర్మనెంట్ చేస్తామన్నారు. అప్పటినుంచీ ఎవరు పలకరించినా ఒకటే మాట: "పర్మనెంట్ అయితె మా అమ్మకు ఫ్యాక్టరీ దవాఖానల మందులు ఇస్తరు సార్." ఆవిడది ఊపిరాడని జబ్బు.

"చెప్పవయ్యా యాదగిరీ, ఏమనిపించింది?"

"ఏమనిపిస్తది సార్? పొద్దుగాల లేస్తె బండెక్కుడు, తిరుగుడు. ఇండ్లల్ల ఎవ్వరు ఏమంటలేరా? గాళ్లకు డ్యూటీ గిట్ల ఏం లేదా?"

"అంతేనా?"

"కని, పోరగాళ్లు ఒకని కోసం ఒకడు నిలవడ్డరు సార్. గది మంచిగనిపించింది."

ఇంత మంచి పుస్తకానికి ఈ మాటలా? కార్యవర్గం ఏమనుకుంటుంది? నేను కలం తీసి చక్కని ఇంగ్లీషులో ఏడు వాక్యాలు రాశాను. వాటి తెలుగు సారం ఇది: 'శాసనం ముందు తల వంచని ఈ వీరులలో నన్ను నేను చూసుకున్నాను. గేట్లు మూసే లోకంలో గేట్లు బద్దలుకొట్టేవాడే మనిషి. నాకూ అటువంటి దళమొకటి ఉంటే ఎంత బాగుండును!' గేట్ల వాక్యం మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉండేది. యాదగిరి చదవకుండానే సంతకం చేశాడు. సార్ రాశారు కదా!

సరిగ్గా పదకొండు రోజులకు, వానలో, ఉదయం షిఫ్టుకు అయిదుగురు సైకిళ్ల మీద ఆలస్యంగా వచ్చారు. ఖాసిం సాబ్ గేటు వేయబోతున్నాడు. "జర ఆగు చాచా, జర ఆగు!" అంటూ ముందున్న నలుగురూ దూసుకొచ్చారు. గేటు రెక్క తగిలి ముసలాయన పడ్డాడు, మోచెయ్యి విరిగింది. అయిదోవాడు యాదగిరి. సైకిల్ అవతల పడేసి, ఆయన్ను లేపి, భుజాన వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. నలుగురూ లోపలికి పోయి హాజరు కార్డులు గుద్దుకున్నారు. గేటు దగ్గర మిగిలిన సైకిల్ ఒక్కటే. దాని మీద యాదగిరి పేరుంది.

విచారణ వేశారు. ఎవరు చెప్పారో తెలియదు, యాదగిరి సంతకమున్న లైబ్రరీ పుస్తకం బల్ల మీదికి వచ్చింది. సైకిళ్ల మీద వచ్చిన అయిదుగురిని 'దళం' అని రాసుకున్నారు. నిజానికి ఆ సైకిళ్లలో రెండింటికి బ్రేకులు కూడా లేవు.

నన్ను సాక్షిగా పిలిచారు. ఇస్త్రీ కోటు వేసుకుని వెళ్లాను. గది బయట బెంచీ మీద యాదగిరి కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడి, "మీరున్నరు గద సార్, నాకు ఫికర్ లేదు" అన్నాడు.

లోపల పరిపాలనాధికారి నా ఏడు వాక్యాలూ పైకి చదివారు. గేట్ల వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదివారు. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, నా చెవికి అది చాలా బాగుంది.

"ఒక ఫిట్టర్ ఇటువంటి ఇంగ్లీషు రాయగలడా? ఇది అతని మాటేనా?"

అప్పుడు నేను ఏమనాలి? 'కాదండీ. అతను అన్నది వేరు, నేను కల్పించాను' అనాలి. అలా అంటే బీరువాలోని కాగితాలన్నీ బయటికి వస్తాయి. అన్నింటిలోనూ నా దస్తూరీయే. కానీ భయం ఒక్కటే అయితే క్షమించుకుందును. అంత మంచి వాక్యం మరొకరి పేరున రికార్డుకు పోతుంటే ప్రాణం ఒప్పలేదు.

"భావం అతనిది, భాష నాది" అన్నాను.

ఎంత ముచ్చటగా కుదిరిందో చూడండి! సీతాపతిగారు టైపు కొట్టారు. నాలుగే మాటలు. అయిదో మాట లేదు, ఆరో మాట లేదు. నన్ను వెళ్లమన్నారు.

తలుపు మూసుకున్నాక, సీతాపతిగారి కథనం ప్రకారం, అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారట: "ఆయనకు అవకాశం ఇచ్చాం. ఆయన తన ఇంగ్లీషును కాపాడుకున్నాడు, మనిషిని కాదు." నాకన్నా ఆయనే క్లుప్తంగా చెప్పారు.

ఖాసిం సాబ్ కట్టుతో వచ్చి, "యాదగిరి నన్ను తోయలే, లేపిండు సాబ్" అని మొత్తుకున్నాడు. పడినవాడికి తోసినవాడు ఎలా కనబడతాడని కొట్టిపారేశారట. మర్నాడు నేనూ అసలు సంగతి రాసి ఒక కాగితం ఇచ్చాను. సాక్ష్యం ముగిసిందన్నారు.

ఆ తర్వాత ఎవరెవరు ఏమయ్యారంటే, ఆ నలుగురికీ హెచ్చరిక పత్రాలిచ్చి వదిలేశారు. ఖాసిం సాబ్ చెయ్యి సరిగా అతకలేదు, ఇప్పుడు ఎడమచేత్తో సలాం పెడుతున్నాడు. సీతాపతిగారు వేరే విభాగానికి మార్పించుకున్నారు. పుస్తకాన్ని విచారణ ఫైలులో కుట్టేశారు. యాదగిరి పుప్పాలగూడ దగ్గర క్వారీలో రాళ్లు కొడుతున్నాడు. వాళ్లమ్మ ఆ చలికాలం దాటలేదు.

నన్ను మాత్రం, ఆంగ్ల గ్రంథాల వినియోగం పెరిగినందుకు, కార్యవర్గం దండ వేసి అభినందించింది.

ఒక్కటి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు ఇంగ్లీషులో ఉంది. యాదగిరి దాన్ని పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. "ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి సార్" అని చేతికిచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చదివాను. మొదటి పేరా పూర్తయ్యేసరికి నా బుర్రలో మెదిలిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా?

ఇది నాకిచ్చి ఉంటే ఇంతకన్నా బాగా రాసేవాడిని కదా అని.