ఒకే చాప మీద

సెంటరు ఆయమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? టీచరమ్మ భర్త వేళకు తింటున్నాడా? పిల్లల జలుబులు పోయాయా? మీరంతా బాగున్నారా? జమ్మలమడుగులో మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన శుక్రవారం గుండెపోటుతో చనిపోయిందన్న కబురు విన్నప్పటి నుంచి నాకు అందరి గురించీ భయమే.

నా భయాలు చూసి ఆమె నవ్వేది. "నీ భయాలు తూకమేస్తే నా మిషను పగిలిపోతాది అత్తా!" చలికాలంలో ఆ మిషను మీద పిల్లలను నిలబెట్టే ముందు అరచేత్తో బాగా రుద్దేది, పాదాలకు చల్లగా తగులుతుందని. అట్లా తూకం వేసేటప్పుడే నా మనవరాలి భుజం మీద కమిలిన మచ్చ చూసింది.

ఆ దెబ్బ నా కొడుకుది. వాడు భార్యను కొడుతుంటే పాప అడ్డం వచ్చింది. టీచరమ్మ కబురు పెడితే, ఆడవాళ్ల కేసులు చూసే మేడమ్ ఒకరోజు వచ్చింది. మా ఇంట్లో కొట్టడాల్లేవు, పాప మంచం మీంచి పడిందన్నాను. ఇంకోరోజు పిల్లల రక్షణ ఆఫీసు సారు వచ్చాడు. తల్లే కొట్టిందన్నాను. కొడుకును పోలీసులు పట్టుకుపోతారని నా భయం. పాపను తల్లి దగ్గర నుంచి తీసి హోంలో పెట్టాలని సారు రాసుకున్నాడు. ఒకరు రాసుకున్నది ఇంకొకరికి తెలియదు.

టీచరమ్మకు రెండూ తెలిశాయి. ఇద్దరినీ ఒకే పూట సెంటరుకు పిలిపించి, పిల్లలు కూర్చునే చాప మీద కూర్చోబెట్టింది. ఎదురుగా నేను, కోడలు.

"అత్తా, సారుకు చెప్పింది మేడమ్‌కు చెప్పు. మేడమ్‌కు చెప్పింది సారుకు చెప్పు."

కోడలు నావైపు చూడనైనా లేదు. "నా కొడుకే" అన్నాను. తలెత్తలేకపోయాను. ఆ ఇద్దరూ అక్కడే కలిసి ఒకే కాగితం రాశారు. తల్లీబిడ్డా విడిపోకుండా ప్రొద్దుటూరులో కోడలి పుట్టింటికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత టీచరమ్మ కనబడినప్పుడల్లా అడిగేది. "వాళ్లిద్దరికీ చెప్పినావు సరే. కోడలికి ఏం చెప్పినావు?"

"ప్రొద్దుటూరు బస్సులో కళ్లు తిరుగుతాయి తల్లీ. వాకిట్లోంచే పొమ్మంటే?"

"పొమ్మంటే వస్తాం. నేనూ వస్తా, పోదాం పా."

ఎండలు తగ్గనీ, పండగ పోనీ అని రెండేళ్లు జరిపాను. తోడు వస్తానన్న మనిషే పోయింది.

పాడె లేచాక, ప్రొద్దుటూరు నుంచి తల్లితో వచ్చిన నా మనవరాలు సెంటరు మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన రాయిని అరచేత్తో బాగా రుద్ది, "కూర్చో జేజీ" అంది. కూర్చోవడానికి నాకు సిగ్గేసింది.

కోడలు అంది: "ఆదివారం పదింటికి ఇంటికి రా అత్తా. చెప్పాల్సింది ఆడ చెబుదువు."

వచ్చే ఆదివారం, పొద్దున పదింటికి. ఒక్కదాన్నే పోతున్నాను.